నీళ్ల గీత

ఇల్లు చూడొచ్చినోళ్లు
చెప్పులు ఎక్కడ ఇడువాలె అని అడిగిన్రు.
"ఆడనే" అన్నం ఇద్దరం, ఒక్కసారే.
ఏడాదిన్నరల మా ఇద్దరి నోట ఒక్క మాట రావుడు
అదే మొదలు.

నూట ముప్పై గజాలు. హన్మకొండల నాలాకు ఇవతలి గల్లి.
తూర్పు మొకం. మూడో బోరుకు పడ్డ నీళ్లు.
బ్రోకర్ ఐలయ్య కాయితం మీద ఇంతే ఉన్నది.
స్లాబు నాడు నా పుస్తెలతాడు బ్యాంకుల పండిన సంగతి లేదు.
కాజీపేట షెడ్డుల డబుల్ డ్యూటీ దిగి
ఓదెలు సిమెంటు బస్తాల మీదనే పండిన సంగతి లేదు.

సుబేదారి కోర్టుల రాజీ కుదిర్చే మేడం
ఎవరిది ఎంత అన్ననాడు
ఇద్దరం ఆ లెక్కలే ఇప్పినం.
"రసీదులున్నయా?" అన్నది.
నిద్రకు రసీదు ఎవలిస్తరు?

ఆయనకు ఇప్పుడే అమ్మాలె.
కిరాయి, లోను కిస్తు ఒక్క జీతంల ఇముడుతలేవట.
నాకు పిల్ల పదో తరగతి దాటాలె.
"పరీచ్చలు ఇంటికా, పిల్లకా?" అన్నడు.
నేనన్న మాట ఈడ రాయ.
దసరా అని ఆయన, ఏప్రిల్ అని నేను.
రిషిక లేచి
క్యాలెండరును గోడదిక్కు తిప్పి పెట్టింది.

వచ్చినామెకు ఏడో నెల.
నడుం పట్టుకొని మెల్లగ అర్రలన్నీ తిరిగింది.
వంటింట్ల కడపరాయి నిమిరింది.
నా అరచేయి చురుక్కుమన్నది.
"వానకాలం లోపలికి నీళ్లొస్తయా?"

"రావు" అన్నడు ఓదెలు.
"వస్తయ్" అన్న నేను.

ఐలయ్యకు దగ్గొచ్చింది.
ఫ్యాను తిరుగుతనే ఉన్నది.
నేను పోయి బీరువ జరుపబట్టిన.
ఒక్కదానితోని కాలే.
ఓదెలు చేతులు కట్టుకొని నిలబడ్డడు.
చూసిండు, చూసిండు,
ఆఖరుకు అవతలి కొస పట్టిండు.

రెండుసార్లు సున్నం మారినా
బీరువ ఎనుక పాత గోడ పాతగనే ఉన్నది.
దాని మీద అడ్డంగ పెన్సిల్ గీత.
పక్కన ఆయన చేతిరాత:
"ఈడిదాక. రాత్రి రెండు నలభై."
ఆ రాత్రి పిల్లను భుజాల మీద ఎత్తుకొని,
నేను మెట్ల మీద బియ్యం డబ్బ పట్టుకొని వణుకుతుంటే,
ఈ మనిషి పిల్ల బ్యాగుల పెన్సిల్ దేవులాడిండు.
"అరుగు ఎంత లేపాల్నో తెలువాలె గద" అన్నడు.
అరుగు లేపలే.
వేరే కొట్లాటలు లేచినయ్.

రాత్రి ఫోను చేసిండు.
"ఎందుకు చెప్పినవ్?"
"ఆమె నిలబడ్డది నేను నిలబడ్డ మెట్టు మీదనే."
చానసేపు ఏం మాట్లాడలే.
ఎనుకనుంచి రైలు కూత వినబడ్డది.
పెట్టేసిండు.

వారానికి ఐలయ్య మళ్ల వచ్చిండు.
రెండున్నర లక్షలు తక్కువకైతే తీసుకుంటరట.
కాన్పు పుట్టింట్లనట, ఏప్రిల్ దాక ఆగుతరట.
తగ్గిన పైసలు నా వాటాలనే కొయ్యాలె అన్నడు ఓదెలు.
నోరు నాదే, కొయ్యిన్రి అన్న నేను, కోపంతోనే.
వకీళ్లు ఇద్దరు రెండు నెలలు గుంజుకున్నరు.
లక్షన్నర నాది, లక్ష ఆయనది.
ఎట్ల తేలింది అంటే నాకూ సక్కగ తెల్వది.
బీరువ అయితే ఇద్దరం జరిపినం.

మళ్ల దాన్ని గోడకు ఆనియ్యలే.
నిన్న రిషిక లెక్కల పుస్తకం మూసి
గీతకు ఆనుకొని నిలబడ్డది.
"అమ్మా, నాడు ఇది నా ఛాతి దాక ఉండె."
ఇప్పుడు నడుం దాకనే.
చేయి పెట్టి చూసుకున్నది,
ఫోను తీసి ఫొటో కొట్టింది,
ఇద్దరికీ పంపింది.

రెండు నీలం టిక్కులు వచ్చినయట.
జవాబు మాత్రం ఇంక ఎవలం రాయలే.